ఆ పేరు చదివినప్పుడు

హైదరాబాద్ గోషామహల్ పోలీసు స్టేడియం. అక్టోబరు 21. పొద్దుటి ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. మైదానంలో తాడు పట్టి గీసినట్టు ఖాకీ వరసలు. స్మారక స్తూపం ముందు పూలగుచ్ఛాలు. షామియానా కింద ముందు వరస కుర్చీల్లో మాత్రం ఖాకీ లేదు. అక్కడ కూర్చున్నవాళ్లు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. కొందరు రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి నగరంలో దిగి, ఎక్కడో మొహం కడుక్కుని వచ్చారు. తల మీదికి కొంగు లాక్కున్న ముసలావిడ ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో లామినేషన్ చేయించిన ఫొటో, కాగితాల జిరాక్సులు. ఫొటో బయటికి తీయదు. కవరు పైనుంచే బొటనవేలితో తుడుస్తూ ఉంటుంది.

మైకులో పేర్లు మొదలవుతాయి. ముందు హోదా, తర్వాత పేరు. కానిస్టేబుల్ ఫలానా. హెడ్ కానిస్టేబుల్ ఫలానా. మన రాష్ట్రం వాళ్లవే కాదు, ఆ ఏడాది దేశమంతటా విధుల్లో ప్రాణాలు వదిలినవాళ్ల పేర్లు. 2025లో ఆ జాబితాలో 191 పేర్లున్నాయి. నోరు తిరగని పేర్లు, ఎక్కడివో తెలియని ఊళ్లు. చాలామంది చెవులకు అదొక పొడవాటి వరస. షామియానా కింద కూర్చున్నవాళ్లకు మాత్రం అందులో ఒక్క పేరే. దానికోసమే వాళ్లు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. ఆ పేరు వచ్చినప్పుడు ఆ ముసలావిడ ఏడవదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంటుంది, బడిలో హాజరు పిలిచినప్పుడు పిల్లలు కూర్చున్నట్టు.

తర్వాత ‘శోక్ శస్త్ర్’ అన్న ఆదేశం వినబడుతుంది. తుపాకులన్నీ తిరగబడతాయి. గొట్టం కొన బూటు మీద ఆనుతుంది, తుపాకీ మడమ మీద చేతులు చేరతాయి, తలలు వంగుతాయి. బిగిల్ మీద లాస్ట్ పోస్ట్. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ప్రహరీ అవతల ఆటోల హారన్లు మాత్రం ఆగవు.

ఆ ఏడు ఆ పేరు జాబితాలో లేదు

2025 పోలీసు అమరుల సంస్మరణ దినానికి నాలుగు రోజుల ముందు, అక్టోబరు 17న, నిజామాబాద్‌లో ఒక సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కానిస్టేబుల్‌ను వాహనాల దొంగతనం కేసు నిందితుడు కత్తితో పొడిచి చంపాడు. పట్టుకుని బైకు మీద స్టేషన్‌కు తీసుకొస్తుండగా జరిగిందది. బాంబు లేదు, మెరుపుదాడి లేదు. రోజూ ప్రతి టౌనులో జరిగే పని. దొంగను బండెక్కించుకుని స్టేషన్‌కు తేవడం. అందుకే ఆ వార్త జనాన్ని అంతగా కుదిపింది. చుట్టూ మనుషులుండీ సాయానికి ముందుకు రాలేదన్న మాట ఇళ్లలో, హోటళ్లలో, బస్సుల్లో రోజుల తరబడి నలిగింది.

ఆ వారం గోషామహల్‌లో అందరి మనసుల్లో ఉన్నది ఆయనే. చదివిన జాబితాలో మాత్రం ఆయన పేరు లేదు. లెక్క సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఆగస్టు 31తో ముగుస్తుంది. అక్టోబరులో పోయినవాళ్ల పేరు పైయేటికి వెళ్తుంది. అందులో ఎవరి తప్పూ లేదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. కానీ ఒక్కటి ఆలోచించండి. పైయేడు ఆ పేరు చదివే నాటికి ఎంతమందికి గుర్తుంటుంది? అదే ఏడు మే 8న ములుగు జిల్లా వాజేడు అడవుల్లో మందుపాతర పేలి, మావోయిస్టులతో పోరాడే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్‌కు చెందిన ముగ్గురు జవాన్లు పోయారు. ఆ ముగ్గురి పేర్లు మనలో ఎందరం చెప్పగలం? నేను చెప్పలేకపోయాను. పాత పేపర్లు తిరగేసి చూసుకోవాల్సి వచ్చింది. ఈ కథనం రాయాలని కూర్చున్నది ఆ సిగ్గుతోనే.

[బాక్స్] అక్టోబరు 21 ఎందుకు?

*1959. లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్. అప్పట్లో ఆ సరిహద్దు కాపలా సైన్యానిది కాదు, పోలీసులది. అక్టోబరు 20న మూడు గస్తీ బృందాలు బయల్దేరాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడో బృందం రాలేదు. మర్నాడు వాళ్లను వెతకడానికి కరమ్ సింగ్ అనే అధికారి నాయకత్వంలో సుమారు 20 మంది ముందు వెళ్లారు. మధ్యాహ్నం వేళ గుట్ట మీద నుంచి చైనా సైనికులు తుపాకులతో, గ్రెనేడ్లతో దాడి చేశారు. నక్కడానికి బండచాటు కూడా లేని నేల. పది మంది చనిపోయారు, గాయపడిన ఏడుగురు బందీలయ్యారు. పది మంది మృతదేహాలను చైనా మూడు వారాల తర్వాత, నవంబరు 13న అప్పగించింది. పోలీసు లాంఛనాలతో హాట్ స్ప్రింగ్స్‌లోనే దహనం చేశారు. 1960 జనవరిలో జరిగిన ఐజీల వార్షిక సదస్సు అక్టోబరు 21ని సంస్మరణ దినంగా పాటించాలని తీర్మానించింది.*

ఖాకీ ఆరేయని ఇల్లు

తొంభైల మొదట్లో మేము కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న టౌనులో ఉండేవాళ్లం. మా ఇంటి వెనక భాగంలో ఒక కానిస్టేబుల్ కుటుంబం అద్దెకుండేది. ఆయన, భార్య, నాలుగో తరగతి చదివే కొడుకు. చాన్నాళ్లు ఆయన పోలీసని మాకే తెలియదు.

తెలిసిన తర్వాత మా అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. వాళ్ల చీరలు, లుంగీలు, పిల్లాడి నిక్కర్లు అన్నీ డాబా మీద తీగకు ఆరేవి. ఖాకీ మాత్రం ఎన్నడూ బయట ఆరలేదు. వంటగదిలో కిరోసిన్ స్టవ్ మీదుగా తాడు కట్టి, తలుపు వేసి ఆరేసేది ఆవిడ. వానాకాలం ఆ బట్టలు రెండు రోజులైనా ఆరేవి కావు. గంజి వాసన, కిరోసిన్ వాసన కలిసిపోయి ఆ గది గడపలోనే కొట్టేది. ఆయన తెల్లవారుజామున లుంగీ మీద, భుజాన తువ్వాలుతో, చేతిలో రెక్సిన్ సంచితో ఆర్టీసీ బస్సెక్కేవాడు. యూనిఫాం సంచిలో ఉండేది, స్టేషన్‌లో మార్చుకునేవాడు. ఆ రోజుల్లో ఆ జిల్లాల్లో నక్సలైట్ల భయంతో చాలామంది పోలీసులు అలాగే తిరిగారు. జీపు కనబడితే మందుపాతర, ఖాకీ కనబడితే తుపాకీ. సెలవు మీద సొంతూరికి వెళ్లి, కల్లు దుకాణం దగ్గరో పెళ్లి పందిట్లోనో ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారు. స్టేషన్ల చుట్టూ ఎత్తయిన గోడలు, ముళ్లకంచెలు, ఇసుక మూటలు లేచాయి.

రాత్రి ఎవరు తలుపు తట్టినా ఆవిడ లోపలి నుంచే ఒక మాట అనేది. “ఆయన లేడు, ఊరికి పోయిండు.” ఆయన లోపల అన్నం తింటున్నా అదే మాట. కొడుక్కి కూడా నేర్పింది. “ఎవరన్నా అడిగితే మా బాపు ఎవుసం చేస్తడని చెప్పు.” బడి రిజిస్టరులోనూ అలాగే రాయించారు. తండ్రి వృత్తి: వ్యవసాయం.

స్టేడియంలో ఒకరు, చౌరస్తాలో ఒకరు

ఆ కాలానికి సంబంధించి తెలుగువాళ్లకు గుర్తున్న పేర్లు కొన్నే. 1989లో గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. ఆయన అక్కడికి వెళ్లింది పరుగు కోసం. అడవిలో యుద్ధం చేయడం నేర్పిన మనిషి, ఊరి నడిబొడ్డున, ఆటల మైదానంలో పోయాడు.

చదలవాడ ఉమేశ్‌చంద్ర పేరు చెబితే కడపలో ఇప్పటికీ పెద్దవాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ముఠాలను లొంగదీసిన ఎస్పీగా అక్కడివాళ్లు ఆయన్ను కథలుగా చెప్పుకుంటారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్ చౌరస్తాలో ఆగిన కారు మీద నక్సలైట్లు కాల్పులు జరిపారు. ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకపోయినా వాళ్ల వెంట పడ్డాడని, అక్కడే నేలకొరిగాడని ఆనాటి పత్రికలు రాశాయి. అప్పటికి ముప్పై మూడేళ్లు.

ఇప్పుడు ఆ చౌరస్తాలో ఆయన విగ్రహం ఉంది. పక్కనే మెట్రో మార్గం, కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల పిల్లలు. ‘ఉమేశ్‌చంద్ర విగ్రహం దగ్గర దిగు’ అని ఫోన్లలో చెప్పుకుంటారు. ఒక మనిషి పేరు బస్సు దిగే గుర్తుగా మారడం తక్కువ సంగతని నేననుకోను. రోజుకు కొన్ని వందల నోళ్లలో ఆ పేరు నలుగుతోంది.

కానీ ఆ కారులో ఆ రోజు పోయింది ఆయన ఒక్కడే కాదు. గన్‌మన్ పోయాడు. డ్రైవరు పోయాడు. ఆ చౌరస్తాలో నిలబడి అడిగి చూడండి, వాళ్ల పేర్లు ఎవరికి తెలుసో. పోలీసు మరణాల్లో మన జ్ఞాపకం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. అధికారి పేరు నిలుస్తుంది, పక్కన పోయినవాళ్లు ‘మరో ఇద్దరు’ అవుతారు. జాబితాలో మాత్రం ఎక్కువ పేర్లు ఆ ‘మరో’ మనుషులవే. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపబోయినవాళ్లు, జీపు వెనక సీట్లో కూర్చున్నవాళ్లు, బందోబస్తుకు వెళ్లి తిరిగి రానివాళ్లు.

బలిమెల నీళ్లు

2008 జూన్ 29, ఆదివారం. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో బలిమెల జలాశయం. గాలింపు ముగించుకుని గ్రేహౌండ్స్ బలగాలు మోటారు పడవలో వెనక్కి వస్తున్నాయి. పడవలో అరవై మందికి పైగా ఉన్నారు. రెండు వైపులా గుట్టలు, మధ్యలో నీళ్లు. గుట్టల మీద నుంచి మావోయిస్టులు దాడి చేశారు. పడవ మునిగింది. 38 మంది ప్రాణాలు పోయాయి.

ఒక్కసారి ఆ పడవలో కూర్చుని చూడండి. భుజాన తుపాకీ, నడుముకు మందుగుండు, కాళ్లకు బరువైన బూట్లు. నేల మీద ప్రాణం కాపాడే సరంజామా అంతా నీళ్లలో మనిషిని కిందికి లాగేదే. గ్రేహౌండ్స్ శిక్షణ అంతా అడవికోసం. చెట్టు చాటు, రాయి చాటు, నేలబారు నడక. నీటి మధ్యలో చాటు లేదు. ఒడ్డుకు ఈదినవాళ్లు ఈదారు. మిగిలినవాళ్లకోసం గజ ఈతగాళ్లు రోజుల తరబడి నీళ్లలో వెతికారు. ఒడ్డున ఎదురు చూసిన కుటుంబాలకు ఆ రోజులు ఎలా గడిచాయో రాయడానికి నా దగ్గర మాటలు లేవు. దేహం దొరికే దాకా ఆశ ఉంటుంది. ఆ ఆశే ఎక్కువ కోస్తుంది.

ఆ పోయినవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న కుర్రాళ్లు. ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం, చెల్లి పెళ్లి, కట్టడం సగంలో ఆగిన ఇల్లు. ఇలాంటి లెక్కలతోనే ఖాకీలోకి వచ్చినవాళ్లు.

[బాక్స్] చాణక్యపురి గోడ

*ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని 2018 అక్టోబరు 21న ప్రారంభించారు. మధ్యలో 30 అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువున్న ఏకశిల. దానితో పాటు శౌర్య కుడ్యం. ప్రారంభించే నాటికి దాని మీద చెక్కిన పేర్లు 34,844. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి విధుల్లో పోయినవాళ్లవి. ఏటా కొత్త పేర్లు చేరుతూనే ఉన్నాయి: 2021లో చదివిన జాబితాలో 377, 2024లో 216.*

తుపాకీ ఒక్కటే కాదు

పోలీసు అమరుడనగానే కళ్ల ముందు అడవి, తుపాకీ కనబడతాయి. జాబితా చదివితే వేరే చిత్రం వస్తుంది. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో ఎర్రచందనం స్మగ్లర్లు కారుతో తొక్కించి ఒక కానిస్టేబుల్‌ను చంపారు. ఆపమని చెయ్యి అడ్డం పెట్టడమే ఆయన చేసింది. 2015 ఏప్రిల్ మొదటి వారంలో సూర్యాపేట బస్టాండులో అనుమానితులను తనిఖీ చేయబోతే కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు పోయారు. మూడు రోజుల తర్వాత జానకిపురంలో అదే ఉగ్రవాద ముఠాతో ఎదురుకాల్పుల్లో మరో కానిస్టేబుల్, తీవ్రంగా గాయపడి ఆస్పత్రిలో కొన్నాళ్లకు ఒక ఎస్సై. ఉగ్రవాదంతో పోరని బస్టాండులో పోయినవాళ్లెవరూ ఆ రాత్రి ఇల్లు కదల్లేదు. బస్సులు చెక్ చేసి తెల్లారి ఇంటికి పోదామనుకున్నారు.

హోంగార్డు సంగతి విడిగా చెప్పాలి. వేసుకునేది ఖాకీయే, నిలబడేది అదే రోడ్డు మీద. కానీ ఆయనది రోజుకూలీ లెక్క. పక్కపక్కనే నిలబడి ఒకే తూటా దెబ్బకు పోయినా, తర్వాత ఆ రెండు ఇళ్లకు చేరే కాగితాలు ఒకటి కావు. ఇది నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. చావులో హోదా ఏమిటి?

[బాక్స్] ఒట్టి చేతులతో నిలబడ్డవాడు

*2008 నవంబరు 26 రాత్రి ముంబయి గిర్‌గావ్ చౌపాటీ దగ్గర ఏఎస్సై తుకారాం ఓంబ్లే, ఉగ్రవాది కసబ్ ఏకే-47 గొట్టాన్ని ఒట్టి చేతులతో పట్టుకుని, తూటాలు ఒంట్లో దిగుతున్నా వదల్లేదు. అందువల్లే కసబ్ ప్రాణాలతో దొరికాడు. ఓంబ్లే అంతకుముందు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. 2009లో ఆయనకు అశోక చక్ర ప్రకటించారు. 2021లో శాస్త్రవేత్తలు కొత్తగా గుర్తించిన ఒక దూకే సాలీడుకు ఆయన పేరు పెట్టారు.*

పదకొండో రోజు తర్వాత

మొదటి పది రోజులు ఇల్లు నిండా జనం. పెద్ద అధికారులు వస్తారు, నాయకులు వస్తారు, కెమెరాలు వస్తాయి. గాల్లోకి కాల్పులు, జెండా కప్పిన పెట్టె, ఊరంతా ఊరేగింపు. పదకొండో రోజు తర్వాత కాగితాల రోజులు మొదలవుతాయి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, పెన్షన్ ఫారాలు, భద్రత పథకం దరఖాస్తు, కారుణ్య నియామకం ఫైలు. ఎఫ్‌ఐఆర్ నకలు ప్రతి ఫైలుకూ కావాలి. భర్త ఎలా చనిపోయాడో రాసిన ఆ కాగితాన్ని ఆవిడే జిరాక్సు దుకాణంలో నిలబడి పది కాపీలు తీయించుకోవాలి.

డబ్బు సాయం పెరిగిన మాట నిజం. నిజామాబాద్ కానిస్టేబుల్ కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల ఎక్స్‌గ్రేషియా, పదవీ విరమణ వయసు దాకా ఆయన చివరి జీతం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, 300 గజాల స్థలం ప్రకటించింది. మంచిదే. పోలీసు కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది అదే. అయితే డబ్బు వెంట ఒక చిక్కు కూడా ఇంట్లోకి వస్తుంది. పైసలు భార్య పేర వస్తాయి. కన్నవాళ్లు ఊళ్లో ఉంటారు. కొడుకు నెలనెలా పంపిన డబ్బుతోనే వాళ్ల మందులు నడిచాయి. కోడలు పిల్లల్ని తీసుకుని టౌనుకు వెళ్తే, ముసలివాళ్లకు మిగిలేది గోడ మీద దండేసిన ఫొటో. ఎవరిదీ దురాశ కాదు. ఇద్దరూ భయపడ్డవాళ్లే. కొన్ని జిల్లాల్లో అధికారులే పెద్దమనుషులై రెండు వైపులా కూర్చోబెట్టి సర్దుబాటు చేసిన సందర్భాలున్నాయి. అలాంటి ఒక ఎస్పీ, ఒక ఆర్‌ఐ చేసిన మేలు ఏ స్తూపం కన్నా తక్కువది కాదు.

కారుణ్య నియామకంలో భర్త పనిచేసిన ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటుగా చేరిన ఆడవాళ్లను చాలాచోట్ల చూస్తాం. టైపు నేర్చుకుంటారు, బిల్లులు పెడతారు. ఏదో ఒక రోజు మరో ఇంటి ఫైలు వాళ్ల బల్ల మీదికే వస్తుంది. దాన్ని ఒక్కరోజు కూడా ఆపరు.

అడగాల్సిన మాట

ఇది రాస్తే కొందరు ఒక ప్రశ్న వేస్తారు. ఎన్‌కౌంటర్ల సంగతేమిటి, లాకప్ చావుల సంగతేమిటి అని. అడగాలి. తప్పకుండా అడగాలి. పోయిన కానిస్టేబుల్‌కు దండం పెట్టడానికి ఆ ప్రశ్నలు అడ్డం కావు. ఈ తెలుగు నేల మీదే పౌరహక్కుల ఉద్యమం లోపల హింస మీద గట్టి వాదన జరిగింది. రాజ్యం చేసే హత్యలను ఎంత నిష్ఠగా నిలదీస్తామో ఉద్యమాల పేరిట జరిగే హత్యలనూ అంతే నిష్ఠగా నిలదీయాలన్నవాడు ఆ ఉద్యమ నాయకుడు బాలగోపాల్. 1998లో మానవ హక్కుల వేదిక పుట్టడం వెనక ఆ ఆలోచన ఉంది. మందుపాతర మీద జీపెక్కిన కానిస్టేబులూ రెండెకరాల రైతు కొడుకే. అతన్ని ‘రాజ్యం’ అనే ఒక్క మాటలో కలిపేసి వదిలేయడం నాకు చేతకాదు.

నేను కోరుకునేది చిన్నది. రాజధానిలో ఏటా ఒక్కసారి చదివే పేరును, ఆ మనిషి చివరిసారి డ్యూటీ ఎక్కిన స్టేషన్‌లో ఆయన పోయిన రోజున కూడా చదవాలి. రోల్ కాల్ వేళ ఒక్క నిమిషం. పదేళ్ల తర్వాత ఆ స్టేషన్‌కు బదిలీ మీద వచ్చిన కుర్ర ఎస్సైకి ఇక్కడ మనకంటే ముందు ఎవరున్నారో తెలియాలి. ఆయన చదివిన బడిలో కూడా చదవాలి. ఎందుకంటే పేరు ముందు అక్కడే రాశారు, హాజరు పుస్తకంలో.

రిజిస్టరులో ఒక మాట

మా ఇంట్లో అద్దెకున్న ఆయన జీపు ఒక మధ్యాహ్నం మట్టిరోడ్డు మీద మందుపాతర మీదికి ఎక్కింది. సాయంత్రం స్టేషన్ నుంచి ఇద్దరు వచ్చారు. ముందు మా నాన్నను బయటికి పిలిచి చెప్పారు. తర్వాత వెనక భాగానికి వెళ్లి తలుపు తట్టారు. లోపలి నుంచి ఆవిడ అలవాటుగా అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

“ఆయన లేడు. ఊరికి పోయిండు.”

ఆ ఇద్దరిలో పెద్దాయన గోడకు ఆనుకుని కూలబడిపోయాడు.

నెల తర్వాత వాళ్లు సొంతూరికి వెళ్లిపోతుంటే పిల్లాడి టీసీ కోసం మా నాన్న బడికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. గుమాస్తా రిజిస్టరు తీసి, వివరాలు పైకి చదువుకుంటూ టీసీ పుస్తకంలో దింపుతున్నాడు. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు.

“తండ్రి వృత్తి, వ్యవసాయం” అన్నాడు.

“కాదు సార్” అన్నాడు పిల్లాడు. “మా బాపు పోలీసు.”

గుమాస్తా తలెత్తి మా నాన్న వైపు చూశాడు. మా నాన్న తలూపాడు. ఆయన కలం పక్కన పెట్టి, సొరుగులోంచి ఎర్ర సిరా కలం తీసి, రిజిస్టరులో పాత మాటను ఒక గీతతో కొట్టేసి, పైన పోలీసు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. పిల్లాడు మునివేళ్ల మీద నిలబడి, బల్ల మీదుగా ఆ తడి సిరా ఆరేదాకా చూశాడు.